నిజాం సైన్యం ఖర్చు కింద రెండుసార్లు భూములు ఎందుకు ఇవ్వవలసి వచ్చింది?

దక్కనులో ఈస్టిండియా కంపెనీ అధికారం విస్తరించిన తీరులో ఒక విషయం నాకు స్పష్టపడడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

1798లో హైదరాబాదు పాలకుడు నిజాం అలీఖాన్ సైన్య సహకార ఒప్పందానికి అంగీకరించి, ఫ్రెంచి అధికారుల కింద ఉన్న తన పటాలాలను రద్దు చేసి, కంపెనీ పటాలాల పోషణకు ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించడానికి ఒప్పుకున్నాడు. 1800లో ఆ నగదుకు బదులుగా, 1792, 1799 సంవత్సరాలలో మైసూరు రాజ్యం నుంచి తనకు దక్కిన ప్రాంతాలను కంపెనీకి వదిలేశాడు. బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలు దత్త మండలాలైనది అలాగే. టిప్పుతో జరిగిన యుద్ధాలలో పొందిన వాటా చివరికి మిత్రుడి చేతికే పోయిందన్నమాట.

భూమి ఇచ్చాక సైన్యం బాకీ ఉండకూడదు కదా. అయినా 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ, హైదరాబాదు కంటింజెంటు అనే మరో సైన్యం బాకీల పేరుతో బీరారును (నేటి మహారాష్ట్రలోని విదర్భ పశ్చిమ భాగం), కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు అంతర్వేదిని కంపెనీ పాలన కిందికి తెచ్చాడు. యుద్ధం వస్తే నిజాం తన వంతుగా 6,000 కాల్బలాన్ని, 9,000 గుర్రపు దళాన్ని పంపాలని మాత్రమే 1800 నాటి ఒప్పందం చెబుతున్నప్పుడు, హైదరాబాదులో కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) హెన్రీ రస్సెల్ కాలంలో బ్రిటిష్ అధికారుల కింద రూపుదిద్దుకున్న ఈ దళాన్ని శాంతికాలంలోనూ నిజాం ఖర్చుతో కొనసాగించడానికి ఏ ఆధారం చూపారు? నిజాం మంత్రి చందూలాల్ సమ్మతి ఒక్కటే చాలిందా? హైదరాబాదులోని వడ్డీ వ్యాపార సంస్థ పామర్ కంపెనీ వద్ద నిజాం ప్రభుత్వం చేసిన అప్పులకు ఈ దళం జీతాలతో ఎంతవరకు సంబంధం ఉంది?

1860లో రాయచూరును తిరిగి ఇచ్చి, 50 లక్షల బాకీని మాఫీ చేసి కూడా బీరారును ఉంచుకోవడం చూస్తే, బాకీ ఒక సాకేనని నాకు అనిపిస్తోంది. దీనిని బలపరిచే లేదా ఖండించే రెసిడెన్సీ పత్రాలు ఎక్కడ చూడవచ్చో కూడా తెలుపగలరు.