బతుకమ్మ పోస్టరు బొమ్మను ఏఐ ఏజెంటుతో విడతలవారీగా దిద్దించడం ఎలా మొదలుపెట్టాలి?

మల్కాజిగిరి వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. సద్దుల బతుకమ్మకు మా కాలనీ సంఘం తరఫున ఏ3 కాగితం మీద అచ్చువేయించే పోస్టరు పనిని నాకు అప్పగించారు. తానే బొమ్మ గీసి, తానే చూసి, లోపాలు పట్టుకుని మళ్లీ గీసే ఒక ఏఐ ఏజెంటును ఇందుకు వాడుతున్నాను. మొదటి బొమ్మ బాగానే వస్తోంది. తంగేడు, గునుగు పూల వరుసలు సరిచేయమని అడిగితే వరుసలు కుదురుతున్నాయి గాని, చుట్టూ నిలబడిన ఆడవాళ్ల ముఖాలు, చీరల రంగులు మారిపోతున్నాయి. ముఖాలు సరిచేయమంటే వెనకనున్న చార్మినార్‌కు ఐదో మీనారు మొలుస్తోంది. ఇన్ని జరుగుతున్నా ఏజెంటు మాత్రం ప్రతి విడతకూ బొమ్మ మెరుగుపడిందనే చెబుతోంది. అన్నీ ఒకే పెద్ద ప్రాంప్టులో, అంటే ఏజెంటుకు రాసిచ్చే సూచనలో, చెప్పి మొదలుపెట్టాలా, లేక చిన్నదానితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలా? దాన్ని ఎక్కడ ఆపాలి?

రంగుల పెట్టె:

ప్రాంప్టు పెద్దదా చిన్నదా అన్నది తరువాతి సంగతండి. బొమ్మ కుదిరిందని దేన్నిబట్టి ఒప్పుకుంటారో ముందుగానే రాసి ఏజెంటుకు ఇవ్వండి. ఆ రాసేవన్నీ అవును, కాదు అని తేల్చదగిన ప్రశ్నలుగా ఉండాలి. బతుకమ్మను సిబ్బిలోనే పేర్చారా, అడుగున వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడిందా, పైన పసుపు గౌరమ్మ ఉందా, మీనార్లు నాలుగేనా, 1889లో అమర్చిన గడియారం తోరణం పైభాగంలోనే కనిపిస్తోందా, ఇలాంటివి. అందంగా ఉందా అని అడిగితే ఉందనే చెబుతుంది, ఆ జవాబు వల్ల మీకు ఒరిగేదేమీ ఉండదు.

ముఖాలు ఎందుకు మారుతున్నాయంటే, ఈ తరహా మోడళ్లలో చాలావరకు మీ బొమ్మలో కొంత భాగాన్ని చెరిపి గీయవు. పాత బొమ్మకు కొంత నాయిజ్ (గజిబిజి చుక్కలు) కలిపి, దాన్నుంచి మొత్తాన్నీ మళ్లీ తేల్చుకుంటాయి. ఎంత నాయిజ్ కలపాలో చెప్పే స్ట్రెంగ్త్ విలువ 0కు దగ్గరగా ఉంటే పాత బొమ్మే దాదాపు తిరిగి వస్తుంది, 1కి చేరితే పాత బొమ్మ పోలికలు దాదాపు మిగలవు. పైగా స్టేబుల్ డిఫ్యూజన్ వంటివి బొమ్మను పొడవులో, వెడల్పులో ఎనిమిదో వంతుకు కుదించిన రూపంలో పనిచేస్తాయి కాబట్టి, దూరంగా ఉన్న చిన్న ముఖాల కళ్లు, చేతి గాజులు విడత విడతకూ కొద్దికొద్దిగా అలుక్కుపోతాయి. జిరాక్సు కాపీకి మళ్లీ జిరాక్సు తీస్తూ పోయినట్టే ఇది.

అందువల్ల ఏజెంటుకు రెండు నియమాలు పెట్టండి. మొదటిది, ప్రతి మార్పూ మీరు ఒప్పుకున్న మూల చిత్రం మీదే జరగాలి, గత విడత ఫలితం మీద కాదు. రెండవది, మారవలసిన చోటుకు మాస్కు (ఆ భాగాన్ని మాత్రమే గుర్తించే హద్దు) వేయించి, ఆ ముక్కను మాత్రమే తీసి మూల చిత్రంలో అతికించాలి. మిగతా పిక్సెళ్లు యథాతథంగా ఉండాలి. ఒక్కో విడతలో ఒక్క మార్పే అడగండి. గునుగు పువ్వును పేరుతో అడిగితే ఏదో ఒక పువ్వు గీసి ఇస్తుంది, మీరే ఫోటో తీసి జతచేయడం మేలు. చార్మినార్ మీకు తప్పనిసరేనా అన్న సందేహం కూడా నాకుంది. సద్దుల నాటి సందడికి ట్యాంక్‌బండే సహజమైన నేపథ్యమని నా అభిప్రాయం, పైగా అక్కడ లెక్కపెట్టవలసిన మీనార్లు ఉండవు.

కూకట్‌పల్లి కోడరు:

పై జవాబుకు ఒకటి చేరుస్తాను. గీసినదానికే తీర్పు చెప్పే పని కూడా అప్పగించడం వల్లనే మీకు ప్రతిసారీ మెరుగైందన్న మాట వినిపిస్తోంది. తీర్పు కోసం వేరే సెషన్ తెరిచి, పాత సంభాషణ ఏదీ ఇవ్వకుండా, ఏది కొత్తదో చెప్పకుండా రెండు బొమ్మలూ చూపించి మీ ప్రశ్నల పట్టికతో పోల్చమనండి. తరువాత అవే బొమ్మల వరుసను తారుమారు చేసి మళ్లీ అడగండి, జవాబు మారితే ఆ తీర్పును పక్కన పెట్టవచ్చు. ఇక ఆపడం సంగతి: వరుసగా రెండు విడతల్లో లోపాల సంఖ్య తగ్గకపోతే పని ఆపి మిమ్మల్ని అడగాలని మొదటి సూచనల్లోనే రాయండి. ప్రతి విడత బొమ్మనూ దాని ప్రాంప్టు, సీడ్‌తో (బొమ్మ ఏ యాదృచ్ఛిక నాయిజ్‌తో మొదలైందో నిర్ణయించే సంఖ్య) పాటు విడి ఫైలుగా దాచమనండి, అది కూడా పీఎన్‌జీలో. జేపెగ్‌లో దాచిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది.

అచ్చు పనివాడు:

శీర్షికను బొమ్మలో గీయించకండి. వత్తులు, గుణింతాలు చెదిరి అక్షరాలు కానివి అక్షరాల్లా కనిపిస్తాయి. పైన ఖాళీ వదలమని చెప్పి, అక్షరాలను ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో రామభద్ర వంటి యూనికోడ్ ఫాంటుతో పెట్టుకోండి. ఏ3 పోస్టరును 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చువేయాలంటే 3508 × 4961 పిక్సెళ్లు కావాలి, కాబట్టి బొమ్మ పరిమాణాన్ని పెంచక తప్పదు. అయితే పెంచడం అన్ని మార్పులూ ముగిశాకే చేయండి, ఎందుకంటే పెంచే మోడలు కూడా లేని వివరాలను కల్పిస్తుంది.

మల్కాజిగిరి వాసి:

అందరికీ కృతజ్ఞతలు. ట్యాంక్‌బండ్ సూచనకు సంఘం వారు కూడా ఒప్పుకున్నారు. నా పనిముట్టులో సీడ్ గాని, మాస్కు గాని ఇచ్చే వీలు లేదు, అప్పుడేం చేయాలి?

రంగుల పెట్టె:

అలాంటప్పుడు ప్రతి విడతలోనూ మూల చిత్రాన్నే జతచేసి, మారకూడని వాటిని పేరుపేరునా చెప్పండి. వచ్చిన బొమ్మలోంచి మీకు కావలసిన ముక్కను జింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించి, మూల చిత్రంపై వేరే లేయరుగా మీరే అతికించుకోండి. అంచులు కలవడానికి ఫెదర్ (అంచును మెల్లగా మసకబరిచే అమరిక) కొద్దిగా పెడితే సరిపోతుందండి.