తూర్పాది అనే మాట మనకెందుకు లేదు?

మా అపార్ట్‌మెంట్‌లో సంక్రాంతి భోజనాలకు లిస్టు రాస్తున్నారు. దక్షిణాది వంటలు ఒక టేబుల్, ఉత్తరాది వంటలు ఇంకో టేబుల్. పేర్లన్నీ చకచకా పడిపోయాయి గానీ మూడో అంతస్తు వాళ్ల దగ్గర పెన్ను ఆగింది. వాళ్లది రాయగడ. విశాఖ వచ్చి పదేళ్లు దాటింది, తెలుగు గడగడా మాట్లాడతారు. సెక్రటరీ గారు "ఒడిశా అంటే నార్తే కదండీ, హిందీ లాంటి భాషేగా" అన్నారు. మా అమ్మ ఊరుకోలేదు. "నార్తేటి? ఎండాకాలం వచ్చిందంటే ఆవిడ రోజూ తినేది చద్దన్నమే" అంది.

నిజమే, ఆవిడ పఖాళ చేయడం నేను దగ్గరుండి చూశాను. రాత్రి అన్నంలో నీళ్లు పోసి మూత పెడతారు. పొద్దునకి కాస్త పులుస్తుంది. అందులో పెరుగు కలిపి, వేయించిన వంకాయ ముక్కలూ, నలిపిన మినప వడియాలూ పక్కన పెట్టుకుంటారు. మా అమ్మ రుచి చూసి, వాళ్ల అమ్మమ్మగారి తరవాణి కుండ గుర్తొచ్చిందని ఆ పూట ఇంట్లో భోంచేయనే లేదు.

ఇది వంటల గొడవ కంటే మాటల గొడవ అని నాకు అనిపించింది. తెలుగులో ఉత్తరాది ఉంది, దక్షిణాది ఉంది. తూర్పాది లేదు, పడమటాది లేదు. తూర్పు గోదావరి, తూర్పు కనుమలు ఉన్నాయి. ఇక ఆశ లేదనుకుంటే తూర్పు తిరిగి దండం పెట్టడం ఉంది. దేశం లెక్కలో మాత్రం తూర్పుకి మనం మాట కట్టలేదు. బెంగాలీనీ అస్సామీనీ ఉత్తరాది కింద పడేసినా మనకేం తేడా రాదు, వాళ్లు దూరం. ఒడిశా అలా కాదు, ఇచ్ఛాపురం దాటితే వాళ్లే. అందుకే కాబోలు మా సెక్రటరీ గారి నోట తప్ప విశాఖలో వాళ్లను 'ఉత్తరాది వాళ్లు' అనడం నేను వినలేదు. 'ఒరియా వాళ్లు' అనే అంటాం.

పాతవాళ్లూ రెండు సంచులే పెట్టుకున్నారు. "సారస్వతాః కాన్యకుబ్జా గౌడా ఉత్కలమైథిలాః", ఈ ఐదుగురూ పంచ గౌడులట, వింధ్యకు ఉత్తరాన ఉండేవాళ్లట. ఇందులో ఉత్కలమంటే ఒడిశానే. కర్ణాటక, తైలంగ, ద్రావిడ, మహారాష్ట్ర, గుర్జరులు పంచ ద్రావిడులు, వింధ్యకు దక్షిణం. మ్యాపు తీసి చూడండి. పూరీ, కటకం వింధ్యకు దక్షిణానే ఉన్నాయి. కటకం కంటే ఎంతో ఎత్తున ఉన్న అహ్మదాబాద్ వాళ్లేమో దక్షిణాది లెక్క! జాతీయ గీతం కాస్త నయం, ద్రావిడకూ వంగకూ నడుమ ఉత్కళను పెట్టి తప్పుకుంది.

మీ ఊళ్లలో ఏమంటారో చెప్పండి.

అనకాపల్లి నుంచి:

బాబూ, ఆ శ్లోకం బ్రాహ్మణ శాఖల లెక్క, దేశాల సరిహద్దు కాదు. దానితో వంటా వార్పూ తేల్చకూడదు. ఉచ్చారణ చూడు. హిందీ వాడు 'ఘర్' అని హల్లుతో ఆపేస్తాడు. ఒడియా వాళ్లు అదే మాటను దాదాపు 'ఘొరొ' అంటారు. చివర అచ్చు పోనివ్వరు. మన భాషను అజంతం అని చెప్పుకుంటాం కదా, ఆ చెవితో వింటే ఒడియా మనకు దగ్గరగా వినిపిస్తుంది. గుండ్రటి లిపి సంగతి సరేసరి, తాటాకు మీద గీత చీలకుండా ఇద్దరూ ఒకే ఉపాయం పట్టారు.

విజయనగరం నుంచి:

మాస్టారూ, మీ అచ్చుల మాట ఒప్పుకుంటాను గానీ చుట్టరికాల దగ్గర తేడా కొడుతుంది. మా ఆడపడుచు ఒడియా ఇంటి కోడలు. మనకి మేనమామా మామే, పిల్లనిచ్చినవాడూ మామే. మేనత్తా అత్తే, మొగుడి తల్లీ అత్తే. మేనరికం కడుపులో పెట్టుకున్న మాటలు ఇవి. వాళ్లకి మేనమామ మాము, పెళ్లితో వచ్చిన మామ శశుర. మేనత్త పిఉసి, అత్తగారు శాశు. నాలుగు వేరే మాటలు. మా అబ్బాయిని చూపించి "మీ అమ్మాయికి బావ వరస" అని నేను సరదాకి అంటే ఆవిడ అత్తగారు ఉలిక్కిపడ్డారు. వాళ్లకి మేనమామ కొడుకంటే అన్నే. ఈ లెక్కన వాళ్లు ఉత్తరాది వాళ్లే. చద్దన్నం ఎంత కలిసినా సంబంధం కలవదు.

మర్రిపాలెం నుంచి, రిటైర్డ్ రైల్వే:

నా సంగతి వినండి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వేలో ఉండేది, పెద్దాఫీసు కలకత్తా. 2003 నుంచి తూర్పు తీర రైల్వే అన్నారు, పెద్దాఫీసు భువనేశ్వర్. 2019లో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించారు. క్వార్టర్ కూడా మారని మమ్మల్ని ఆగ్నేయం నుంచి తూర్పుకీ, తూర్పు నుంచి దక్షిణానికీ తిప్పేశారు. ప్రభుత్వం వారి సాంస్కృతిక కేంద్రాలూ అంతే. ఒడిశాకు కోల్‌కతా ఒక్కటే. మన ఆంధ్రాను మాత్రం తంజావూరు కేంద్రమూ మాదే అంటుంది, నాగపూరు కేంద్రమూ మాదే అంటుంది.

టెక్కలి నుంచి:

రెండు పెట్టెలే అనుకోవడంలోనే తప్పుంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో కూర్చుని సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. సవర అటు ద్రావిడమూ కాదు, ఇటు ఆర్యమూ కాదు, ముండా కుటుంబం. సవరలు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు. వాళ్లని ఏ ఆదిలో వేస్తారు? కువి మాట్లాడే కోందులు ఒడిశాలో ఉన్నారు, కువి ద్రావిడ భాష. మీ మూడో అంతస్తు వాళ్ల రాయగడ జిల్లాలోనే దండిగా ఉన్నారు.

రామమూర్తి గారి కథలో ఇంకో ముల్లు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం వచ్చి పర్లాకిమిడి అందులో కలిస్తే, ఆయన అన్నేళ్లు పాఠాలు చెప్పిన ఊరు వదిలేసి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. సంస్కృతి కలిసే ఉంది అని మనం ఇప్పుడు తేలిగ్గా అనేస్తాం గానీ గీత గీసిన రోజున అది కొందరి కాళ్ల కిందుగానే పోయింది.

మొదటి పోస్టు పెట్టినవాణ్ని, మళ్లీ:

టెక్కలి గారి మాటకు నా వంతు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన రోజుల్లో సైన్స్ కాలేజీకి జైపూర్ విక్రమదేవ్ పేరు చూసి, రాజస్థాన్ రాజుగారు ఇంత దూరం వచ్చి డబ్బులెందుకిచ్చారా అనుకునేవాణ్ని. రెండేళ్లు అలాగే అనుకున్నాను, సిగ్గుచేటు. ఆ జైపూర్ మన అరకు దాటాక కొరాపుట్ జిల్లాలో ఉన్న జయపురం. 1936 దాకా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆ మహారాజు యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆయనిచ్చిన లక్ష ఏ ఆది ఖాతాలో రాయాలి? రోజూ ఆటోవాడికి చెప్పే దసపల్లా హిల్స్ కూడా అంతే, ఒడిశాలోని దసపల్లా సంస్థానం పేరు. శ్రీకాకుళం జిల్లా ముఖలింగంలో రాజధాని పెట్టుకున్న గాంగుల్లోంచి వచ్చిన చోడగంగదేవుడే పూరీలో జగన్నాథుడి గుడి మొదలుపెట్టించాడు. ఆయన తల్లి చోళుల ఆడపడుచు.

విజయనగరం గారి చుట్టరికాల వాదన ఒక్కటే నన్ను ఇబ్బంది పెడుతోంది. తిండీ గుళ్లూ లిపీ పక్కింటి నుంచి పక్కింటికి పోతాయి. బావ వరస అలా పోదు. కాబట్టి ఒడియా వాళ్లను దక్షిణాది అనలేను. తూర్పు వాళ్లు అనేదే సరైన మాట అని నా లెక్క. 'తూర్పాది' అని కొత్తగా కడితే నాలుకకు ఎబ్బెట్టుగా ఉంటే, 'తూర్పునాడు' అనుకుందాం.

గుంటూరు నుంచి:

అనుకోండి, మాకేం అభ్యంతరం లేదు. కాకపోతే మా వైపు తూర్పోళ్లు అంటే ఇప్పటికే అర్థం ఉంది. మీరే. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం అంతా.

మొదటి పోస్టు పెట్టినవాణ్ని:

అయితే రేపు సెక్రటరీ గారి దగ్గరికి వెళ్లి మా ఇంటి పేరు కూడా మూడో అంతస్తు వాళ్ల పేరు కిందకి మార్పించుకోవాలి. అమ్మ సంతోషిస్తుంది.