చరిత్ర సాయంత్రం: పోస్టర్ల మాటలు, హాలు పనులు

సమన్వయం:
అందరికీ నమస్కారం, సలాం. శనివారం రెండు గంటల నుంచి ఐదున్నర దాకా లైబ్రరీ హాలు మనకు ఖాయమైంది. పోయినసారి పీర్ల పండుగ ఫొటోలు చూపించినప్పుడు ఓ పాప "హుసేన్ గారు ఆ రాజుకు ఎందుకు లొంగలేదు?" అని అడిగింది. హుసేన్ గారంటే ప్రవక్త మనవడు, ఆ రాజు యజీద్. మనలో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయాం. ఈసారి కార్యక్రమమంతా ఆ ప్రశ్న కోసమే.

పోస్టర్ల డ్రాఫ్టు చూశాను. బొమ్మలు లేకుండా మ్యాపులతో చేయడం చాలా బాగుంది. కానీ "పాలకుడికి విధేయతే ఇస్లాం నేర్పిన రాజనీతి" అన్న శీర్షిక తీసేద్దాం. ఖురాన్ 4వ అధ్యాయం 59వ వాక్యంలో సగమే అందులోకి వచ్చింది. అల్లాహ్‌కు, ప్రవక్తకు, మీలో అధికారం ఉన్నవారికి విధేయులుగా ఉండమన్న మాట నిజమే. పేచీ వస్తే మాత్రం అల్లాహ్ దగ్గరికి, ప్రవక్త దగ్గరికి తీసుకెళ్లమంటుంది. ఆ రెండో సగంలో అధికారి ప్రస్తావన లేదు. వందల ఏళ్ల వాదనకు ఈ వాక్యం కేంద్రమైంది, దాన్ని పూర్తిగా రాద్దాం.

పిల్లల విభాగం:
అన్నా, నిప్పు కథను చిన్న నాటికగా వేయిద్దామా? డ్రెస్సులు నేను కుట్టిస్తాను.

సమన్వయం:
నాటిక వద్దమ్మా. ప్రవక్త పాత్ర గానీ, ఆయన సహచరుల పాత్రలు గానీ ఎవరితోనూ వేయించకూడదు, మన సభ్యుల మనసు నొచ్చుకుంటుంది. కథగా చెప్పిద్దాం. ప్రవక్త ఒక దళాన్ని పంపుతూ నాయకుడి మాట వినమన్నారు. దారిలో ఆ నాయకుడికి కోపమొచ్చి, కట్టెలు పేర్చి మంట వేయించి, అందులోకి దూకమన్నాడు. "నిప్పు నుంచి తప్పించుకోవడానికే కదా ప్రవక్త దగ్గరికి వచ్చాం" అని వాళ్లు వెనకాడారు. ఈలోగా మంట ఆరింది, కోపమూ చల్లారింది. సంగతి విన్న ప్రవక్త, దూకి ఉంటే మళ్లీ బయటికి వచ్చేవాళ్లు కాదన్నారు, విధేయత మంచి పనిలోనే అన్నారు. పదేళ్ల పిల్లలకు ఇది చక్కగా అర్థమవుతుంది. పీర్ల పండుగలో నిప్పుల మీద నడిచే గుండానికీ దీనికీ సంబంధం లేదని ముందే చెప్పండి.

పోస్టర్ల పని:
మొదటి పోస్టరులో "632లో అందరూ కలిసి అబూబకర్ గారిని ఎన్నుకున్నారు" అని రాశాను, అంటే ప్రవక్త కన్నుమూశాక ముస్లింల తొలి నాయకుడిగా, ఖలీఫాగా. మా ఇంట్లోవాళ్లు చూసి ఒప్పుకోలేదు. మేం షియాలం. గదీర్ ఖుమ్ అనే చోట ప్రవక్త తన అల్లుడు అలీ గారినే తన తర్వాతి నాయకుడిగా ప్రకటించారని మా నమ్మకం.

సమన్వయం:
మంచి పని చేశావు అక్కా, చెప్పకపోతే అలాగే ప్రింటయ్యేది. "అందరూ" తీసేసి, మదీనాలో సఖీఫా అనే చోట అబూబకర్ గారిని ఎన్నుకున్న సమావేశం గురించి, గదీర్ ఖుమ్ గురించి పక్కపక్కనే ఒకే సైజు అక్షరాల్లో పెడదాం. అబూబకర్ గారి తొలి ప్రసంగం సంగతి కూడా ఉండాలి. తాను దేవుడికీ ప్రవక్తకూ విధేయంగా ఉన్నంతవరకే తన మాట వినమని, తప్పితే సరిదిద్దమని ఆయన చెప్పినట్టు పాత చరిత్రకారులు రాశారు.

657లో అలీ గారికీ సిరియా పాలకుడు ముఆవియాకూ మధ్య జరిగిన సిఫ్ఫీన్ యుద్ధం, 661లో అలీ గారి హత్య ఒకే పోస్టరులో సరిపోతాయి. 680లో హుసేన్ గారు చనిపోయిన కర్బలా యుద్ధానికి మాత్రం నిండు పోస్టరు కావాలి. తర్వాత ఖలీఫా అయిన ముఆవియా తన కొడుకు యజీద్‌ను వారసుడిగా చేశాడు. హుసేన్ గారు అతనికి బైఅత్ ఇవ్వలేదు. బైఅత్ అంటే చేతిలో చెయ్యి వేసి విధేయత ఒప్పుకోవడం. పాప అడిగిన దానికి జవాబు ఇక్కడ మొదలవుతుంది.

హాలు ఏర్పాట్లు:
చివరిది బాగ్దాద్ పోస్టరు. అది తీసేస్తే టీకి పావుగంట దొరుకుతుంది.

సమన్వయం:
దయచేసి దాన్ని తీయొద్దు తమ్ముడూ. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. ఖురాన్ అనాది కాదు, దేవుడు సృష్టించినదేనని పండితులంతా ఒప్పుకోవాలని 833లో ఖలీఫా మామూన్ ఆజ్ఞ ఇచ్చాడు. పండితుడు అహ్మద్ ఇబ్న్ హంబల్ ఒప్పుకోలేదు. తర్వాతి ఖలీఫా ముతసిమ్ కాలంలో కొరడా దెబ్బలు తిన్నా మాట మార్చలేదు. అయినా ఖలీఫా మీద తిరగబడదామని వచ్చినవాళ్లను ఆయనే వద్దన్నారు, ముస్లింల నెత్తురు పారుతుందని. నమ్మకం విషయంలో లొంగరు, కత్తీ ఎత్తరు. హుసేన్ గారి దారి వేరు, ఈయన దారి వేరు. రెండూ వింటే తప్ప పిల్లలకు అసలు చిక్కు తెలియదు. టీ టైములోంచే పది నిమిషాలు తీసుకుందాం.

అసర్ (సాయంత్రపు) నమాజుకు వెనక గది తెరిచి ఉంచండి, భోజనం హలాల్ అని ముందే చెప్పండి. దిద్దిన పోస్టర్ల మాటలు బుధవారం రాత్రికల్లా నాకు పంపితే గురువారం పొద్దున ప్రింటుకు ఇస్తాను.