‘మెస్సా ది వోచే’ని తెలుగులో ఏమందాం? ఊపిరా, దమ్మా, గుక్కా?

అందరికీ నమస్కారం. ఇటాలియన్ ఒపెరా మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ‘బెల్ కాంతో’ (ఆ ఒపెరాల్లోని గానశైలి పేరు) అన్నచోట ముందు ‘మధుర గానం’ అని పెట్టాను. అర్థం ప్రకారం తప్పు కాదు. కానీ చదువుతుంటే జోలపాట గుర్తొస్తోంది, పాడేవాళ్ల కష్టం ఆ మాటలో ఎక్కడా లేదు. అందుకని పేరును అలాగే ఉంచేశాను.

అసలు చిక్కు ‘మెస్సా ది వోచే’ దగ్గర. ఒకే స్వరాన్ని సన్నగా అందుకుని, నిండుగా పెంచి, మళ్లీ సన్నగా దించి వదలాలి. అంతా ఒక్క ఊపిరిలోనే, శ్రుతి వెంట్రుకవాసి కదలకుండా. దీన్ని ‘మెజ్జా వోచే’ అనుకుని ‘సగం గొంతు’ అని రాస్తే అర్థమే మారిపోతుంది. ‘మెజ్జా’ అంటే సగం, ‘మెస్సా’ అంటే పెట్టడం, నిలపడం.

ఈ విద్యకు గట్టి పరీక్ష ఇద్దరు కలిసి పాడినప్పుడే. స్వరకర్త బెల్లీని ఒపెరా ‘నోర్మా’ 1831 డిసెంబరు 26న మిలాన్‌లోని లా స్కాలాలో మొదటిసారి ఆడింది. నోర్మాగా జుదిత్తా పాస్తా, అదాల్జీసాగా జూలియా గ్రీసి పాడారు. రెండో అంకంలో, నీ పిల్లల మీద జాలి చూపమని అదాల్జీసా నోర్మాను బతిమాలుతుంది. ముందు అదాల్జీసా పాడుతుంది, అదే వరసను నోర్మా అందుకుంటుంది, తర్వాత ఇద్దరూ కలుస్తారు. ఒకరు ‘స’ మీద ఉంటే ఇంకొకరు ‘గ’ మీద ఉన్నట్టు, అదే ఎడంతో పక్కపక్కనే నడుస్తారు. మైకు ఉండదు, ముందు నిండు వాద్యబృందం. అరిచి దాన్ని దాటలేరు. వాద్యబృందం బలం తగ్గే చోట, దాదాపు 3,000 హెర్ట్జ్ దగ్గర, గొంతుకు పదును వచ్చేలా సాధన చేసి దాటుతారు. ఒకరు అరక్షణం ముందు ఊపిరి తీసుకున్నా పాటలో సందు వినిపిస్తుంది. ఒకరు గొంతు పెంచితే రెండో గొంతు మునిగిపోతుంది. నోర్మా పాత్రధారి అప్పటికే ఒక అంకమంతా పాడి ఉంటుంది. పైగా ఈ నెమ్మది భాగం అవగానే గొంతు పరుగెత్తాల్సిన వేగం భాగం వస్తుంది.

అందుకే ఇక్కడ ‘గుక్క’ అనాలని నాకనిపిస్తోంది. ఊపిరి ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది, గుక్కకు మొదలూ చివరా ఉంటాయి. ‘గుక్క తిప్పుకోకుండా’ అంటాం. పసిబిడ్డ ‘గుక్కపట్టి’ ఏడుస్తుంది. మీరేమంటారు?

వ్యాఖ్య: బాగుందండీ, కానీ గుక్క అంటే ముందు గుర్తొచ్చేది మంచినీళ్లే కదా? అది గొంతు దగ్గరి మాట. మా గురువుగారు ‘నాభి నుంచి పాడమ్మా’ అనేవారు. త్యాగరాజస్వామి కూడా సప్తస్వరాల కీర్తనలో నాభి, హృదయం, కంఠం, నాలుక, ముక్కు అని వరస చెప్పారు. ‘దమ్ము’ అనండి. నాటకాల్లో పద్యం పాడి, రాగం తీసి నిలబెట్టేవాళ్లను ‘దమ్మున్న గొంతు’ అనే అంటాం.

జవాబు: నాభి మాట నిజమేనమ్మా. ఇటాలియన్ గాయకులకూ అందుకు ‘అప్పొజ్జో’ అనే మాట ఉంది. ఆనుకోవడం అన్న క్రియ నుంచి వచ్చింది. ఊపిరి పీల్చాక పక్కటెముకలు వెంటనే వాలిపోకుండా విచ్చుకున్నట్టే ఉంచి, గాలిని పొదుపుగా వదలడం. దానికి ‘ఊత’ అని రాస్తాను. దమ్ము మాత్రం బలం చెప్పే మాట. పెంచడానికి దమ్ము చాలు, దించడం దగ్గరే గొంతు బీటలు వారుతుంది. ఇంకొకటి, మన పద్యనాటకంలో ఒకరు పాడాక ఇంకొకరు అందుకుంటారు. ఎవరి దమ్ము వారిది. ‘నోర్మా’లో అలా కుదరదు.

వ్యాఖ్య: ‘యుగళగీతం’ అని మాత్రం పెట్టకండి మాస్టారూ. సినిమా పాట అనుకుంటారు.

జవాబు: సరేనండీ, ‘జంటపాట’ అంటాను. ‘మెస్సా ది వోచే’ని మొదటిసారి వివరంగా చెప్పి, ఆపైన ‘గుక్క నిలపడం’ అని వాడతాను. వాక్యం ఇలా మార్చాను: “జంటపాట చివర ఇద్దరూ ఒకే గుక్క పట్టారు, ఒకేసారి వదిలారు.”