సరళ భాషలో రాసిన మాన్యువల్ నుంచి నేరుగా నాలెడ్జ్ గ్రాఫ్ (వస్తువులనూ వాటి మధ్య సంబంధాలనూ యంత్రం చదవగలిగేలా కలిపిన వల) తీయవచ్చా?

త్రిపదం: ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 (సాంకేతిక మాన్యువల్స్ కోసం సరళీకరించిన ఇంగ్లిష్ ప్రమాణం, క్లుప్తంగా ఎస్‌టీఈ) నియమాల ప్రకారం సూచన వాక్యం 20 పదాలు దాటకూడదు, వివరణ వాక్యం 25 దాటకూడదు. పదానికి ఒకే అర్థం. తెలుగు మాన్యువల్‌నూ ఈ పద్ధతిలోనే రాస్తే, పార్సర్‌తో (వాక్య నిర్మాణాన్ని విడదీసే ప్రోగ్రామ్‌తో) నేరుగా ఆర్‌డీఎఫ్ ట్రిపుల్స్ (గ్రాఫ్‌లో “ఇది – సంబంధం – అది” అనే మూడు ముక్కల నమోదులు) తీయవచ్చని నా వాదన.

వాక్యవిధి: కుదరదు. ఎస్‌టీఈ పుట్టింది మనుషులు పొరబడకుండా చదవడానికి. యంత్రానికి కావలసింది వాక్యానికి ఒకే పార్స్, అంటే ఒకే రకంగా విడదీయగల నిర్మాణం. ఇది చూడండి: “నూనె కారే పంపు పక్కనున్న వాల్వు మూయండి.” ఉన్నవి ఆరే పదాలు. కారేది పంపా, వాల్వా? మెకానిక్ కళ్లతో చూసి తేల్చుకుంటాడు, పార్సర్‌కు ఆ వీలు లేదు. యంత్రం కూడా చదవగలిగేలా జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్లు రూపొందించిన అటెంప్టో ఇంగ్లిష్‌లో ఏది దేనికి అంటుకోవాలో ముందే నియమం ఉంది. మనమూ పెట్టుకోవాలి: క్రియాజన్య విశేషణం (“కారే”, “పక్కనున్న” లాంటిది) వెంటనే వచ్చే నామానికే చెందుతుంది. అప్పుడు కారేది పంపే.

త్రిపదం: కారేది వాల్వయితే? “పంపు పక్కనున్న నూనె కారే వాల్వు” అని తిప్పి రాస్తే, మీ నియమం ప్రకారం పంపు పక్కనున్నది నూనె అవుతుంది!

వాక్యవిధి: నిజమే, ఒప్పుకుంటున్నాను. అక్కడ వాక్యాన్ని విరగ్గొట్టాల్సిందే. “పంపు పక్కన ఒక వాల్వు ఉంది. ఆ వాల్వు నుంచి నూనె కారుతోంది. ఆ వాల్వును మూయండి.” మూడో వాక్యంలో “దాన్ని” అని రాయకండి, అది నూనెకూ తగులుతుంది.

గ్రాఫ్‌కాపరి: పార్స్ కుదిరాకే అసలు చిక్కు. “ప్రతి పంపుకూ ఒక వాల్వు ఉంటుంది” అన్న వాక్యాన్ని ఓడబ్ల్యూఎల్‌లో (గ్రాఫ్‌కు తర్క నియమాలు రాసే భాషలో) పెట్టారనుకోండి. డేటాలో వాల్వు లేని పంపు ఉన్నా రీజనర్ (ఆ నియమాల నుంచి నిర్ధారణలు తీసే ప్రోగ్రామ్) తప్పు పట్టదు, ఎక్కడో ఉండే ఉంటుందనుకుంటుంది. “సరిగ్గా ఒకటే” అని బిగించి రెండు వాల్వులు ఎక్కించినా అంతే: అవి వేర్వేరని విడిగా చెప్పకపోతే రెండూ ఒకటేనని తేల్చేస్తుంది. లోపాలు పట్టుకోవాలంటే అదే వాక్యం నుంచి షాకిల్ (డేటా నియమాలకు సరిపోతోందో లేదో తనిఖీ చేసే భాష) నియమం కూడా తీయండి, కనిష్ఠం 1, గరిష్ఠం 1 అని.

కొత్తపార్సర్: ఇంత తంటా ఎందుకు? పెద్ద భాషా నమూనాకు ఇస్తే ట్రిపుల్స్ అదే రాస్తుంది కదా.

గ్రాఫ్‌కాపరి: రాస్తుంది. కానీ సందిగ్ధ వాక్యానికి కూడా ఏదో ఒక అర్థం ఎంచుకుని, ఎంచుకున్నానని చెప్పకుండా రాసేయవచ్చు. ముసాయిదా వరకు వాడండి. తర్వాత ట్రిపుల్స్ నుంచి మూస పద్ధతిలో మళ్లీ వాక్యం పుట్టించి, మాన్యువల్ రాసినవాళ్లకు చూపండి. వాళ్లు కాదన్నది గ్రాఫ్‌లోకి వెళ్లకూడదు.

త్రిపదం: సరే, నా వాదన కుదిస్తున్నాను: వివరణ వాక్యాల వరకే, అదీ వాక్యవిధి చెప్పినట్టు విరగ్గొట్టాక. “మూయండి” లాంటివి నిజానిజాలు కావు, వాటిని వరుస సంఖ్యతో దశలుగా విడిగా దాచాలి.