ఈ వారం సమస్య: “దీప మారినపుడె తేజ మబ్బు”

పృచ్ఛకుడు:
మిత్రులందరికీ దీపావళి శుభాకాంక్షలు. ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను:

దీప మారినపుడె తేజ మబ్బు

అంటే దీపం ఆరినప్పుడే తేజస్సు అబ్బుతుందని. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి, ఈ పాదం మార్చకూడదు. పండుగలోని లోపలి అర్థం పద్యంలో కనబడాలి. టపాసులు, బట్టలు, పిండివంటలు ఏకరువు పెట్టే పద్యాలు ఎలాగూ వస్తాయి. వాటికి ఈసారి సెలవు.

పాత పంచాంగం:
మాస్టారూ, పండుగపూట దీపం ఆరిందని నోటితో అంటామా? “కొండెక్కింది” అనాలని చిన్నప్పుడు మా నాయనమ్మ నెత్తిన మొట్టేది.

పృచ్ఛకుడు:
అనకూడని మాట కనుకే అది సమస్య అయింది సార్. దాన్ని అనదగ్గ మాటగా మార్చడం మీ పని. కానివ్వండి.

ప్రాసగీతి:
నా ప్రయత్నం.

ఇంటి నిండ వెలుగు లెన్నియో పెట్టిన
నేను గొప్ప యనెడు నిప్పు మిగులు
నహము పేర వెలుగు నా నరకాసుర
దీప మారినపుడె తేజ మబ్బు

పాత పంచాంగం:
ధార బాగుంది అమ్మా. కానీ నరకుడు చీకటికి గుర్తు కదా, ఆయన దీపం ఎలా అయ్యాడు? నరకాసుర దీపం అంటే నాకు మింగుడు పడటం లేదు.

ప్రాసగీతి:
అహంకారం చీకటిలా వస్తే గుర్తుపట్టి తలుపు వేసుకుంటాం సార్. అది వెలుగు వేషంలోనే వస్తుంది. నేను చేసిన పూజ, నేను పెట్టిన ప్రమిదలు, మా వాకిట్లో ముగ్గు. ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టి, ఎంతమంది చూశారో లెక్క చూసుకునేదాకా నిద్రపట్టదు. అందుకే దీపం అన్నాను.

పృచ్ఛకుడు:
సమర్థన పద్యం కంటే బాగుంది. రూపకం ఒప్పుకుంటాను. ఒక్కటే చిక్కు, మొదటి పాదంలో వచ్చిన “వెలుగు” మూడో పాదంలో మళ్లీ వచ్చింది. రెండో పాదంలో నిప్పు అన్నారు కాబట్టి “అహము పేర నెగయు నా నరకాసుర” అని చూడండి. గణం (అక్షరాల కొలత) చెడదు, యతి (పాదంలో అక్షరాల మైత్రి) అలాగే ఉంటుంది, నిప్పుకు తగిన క్రియ కూడా దొరికింది.

ప్రాసగీతి:
సవరించుకున్నాను. ధన్యవాదాలు మాస్టారూ.

కొత్తచిగురు:
ఇక్కడ ఇదే మొదటి పూరణ. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

కంటి కెదుట నున్న కరెంటు దీపాలఁ
జుక్క లున్న వన్న చూపు లేదు
మిణుకు తారఁ గాంచ మిద్దెపైఁ బడుకున్న
దీప మారినపుడె తేజ మబ్బు

నాలుగోపాదం:
భావం అదిరింది తమ్ముడూ. అమావాస్య ఆకాశం ఎంత బాగుంటుందో దీపావళి నాడు ఎవరూ తలెత్తి చూడరు. అయితే మొదటి పాదంలో గణభంగం ఉంది. బేసి పాదంలో మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. నీ నాలుగో గణం “కరెంటు”. అది జగణం (లఘువు, గురువు, లఘువు), ఇంద్రగణాల్లో చెల్లదు. “కాంతుల మాటున” అని మార్చు. క–కా యతి కుదురుతుంది, రెండూ ఇంద్రగణాల్లో చెల్లే భగణాలే.

కొత్తచిగురు:
కంటి కెదుట నున్న కాంతుల మాటునఁ
జుక్క లున్న వన్న చూపు లేదు... సరిపోయిందా అన్నా?

నాలుగోపాదం:
సరిపోయింది. కరెంటు పోయినా పద్యానికి వెలుగొచ్చింది.

పృచ్ఛకుడు:
చుక్కలు కొత్తగా పుట్టలేదు, ఉన్నవే కనబడ్డాయి. ఆత్మజ్ఞానం గురించి వేదాంతులు చెప్పేదీ ఇదే. లేనిది తెచ్చిపెట్టేది కాదు, ఉన్నదాని మీది అడ్డు తొలగడం. ఆ మాట ఎక్కడా వాడకుండా చెప్పినందుకు కొత్తచిగురుకు నా మెప్పు.

గోగుపూలు:
వేదాంతం నాకు రాదు గానీ దివిటీలు వచ్చు.

గోగుకాడ చివర గుడ్డవత్తి వెలుఁగ
వీధిగుమ్మమందు బిడ్డలెల్ల
దివ్వె నేలఁ గొట్టి తీపి తినఁగఁ బోవ
దీప మారినపుడె తేజ మబ్బు

పాత పంచాంగం:
ఆహా! గోగుకాడ చివర నూనెగుడ్డ చిటపటలాడటం, పొగ కంట్లోకి పోవడం, “దిబ్బూ దిబ్బూ దీపావళి” అని అరవడం అన్నీ గుర్తొచ్చాయి అక్కయ్యా. కాళ్లు కడుక్కోకుండానే తీపి తినడానికి పంపేశారు, అదొక్కటే లోపం. ఇంతకీ ఇక్కడ అబ్బిన తేజస్సు ఎవరిది, మిఠాయిదా?

గోగుపూలు:
పిల్లల మొహాలదండీ! కాళ్లు కడిగే చోటు ఆటవెలదిలో దొరకలేదు.

పృచ్ఛకుడు:
నవ్వులాటకు రాసినట్టున్నా ఇందులో పెద్ద విషయమే ఉంది. దివిటీ కొట్టడం ఉల్కాదానం. సూర్యుడు తులలో ఉండగా, చతుర్దశి అమావాస్యల ప్రదోషవేళ కాగడాలు పట్టి పితృదేవతలకు దారి చూపాలని శాస్త్రం. భాద్రపదంలో మహాలయ పక్షానికి వచ్చినవారు తిరిగి వెళ్లడానికి ఆ వెలుగు. అంటే లక్ష్మి కోసం గడపలో పెట్టిన ప్రమిద వేరు, ఈ దివ్వె వేరు. వాళ్లు దారి పట్టాక దీని పని అయిపోయింది. ఇంకా పట్టుకుని నిలబడితే చెయ్యి కాలుతుంది. పోయినవాళ్లను సాగనంపడం కూడా పండుగలో భాగమేనని పిల్లలకు చెప్పకుండా నేర్పే పద్ధతి ఇది. “వీధిగుమ్మము” మాటకు వేరే మార్కులు.

నాలుగోపాదం:
ఇక నాది. కాస్త దూరం వెళ్లాను.

గురువు పైని ప్రేమ గుదిబండగా నుండెఁ
గౌతమునకు, నాఁడు కన్ను మూసె
వర్ధమానుఁ డచటఁ బావాపురమ్మున
దీప మారినపుడె తేజ మబ్బు

కొత్తచిగురు:
అన్నా, గౌతముడంటే బుద్ధుడా? బుద్ధుడికి వర్ధమానుడు గురువా?

నాలుగోపాదం:
కాదు తమ్ముడూ. ఇంద్రభూతి గౌతముడు, మహావీరుడి (వర్ధమానుడంటే ఆయనే) మొదటి గణధరుడు, అంటే ముఖ్యశిష్యుడు. జైనులకు దీపావళి మహావీర నిర్వాణ దినం. సంప్రదాయం లెక్కలో క్రీ.పూ. 527, చోటు ఇప్పటి బీహార్‌లోని పావాపురి. తోటివాళ్లు ఎందరో కేవలజ్ఞానం (సంపూర్ణ జ్ఞానం) పొందినా గౌతముడికి మాత్రం అందలేదు. కారణం గురువు మీద మమకారం. గురువు నిర్వాణం పొందిన ఆ రాత్రే ఆయనకు జ్ఞానం కలిగిందని జైనుల నమ్మకం. జ్ఞానజ్యోతి వెళ్లిపోయింది, కనీసం మట్టిదీపాలైనా వెలిగిద్దామని మల్ల, లిచ్ఛవి గణాల పద్దెనిమిది మంది రాజులు ఆ రాత్రి దీపాలు పెట్టించారని కల్పసూత్రమనే జైన గ్రంథం చెబుతుంది.

పృచ్ఛకుడు:
సమస్య ఇచ్చేటప్పుడు నా మనసులో లేని పూరణ. గదమాయించి చెడు గుణాన్ని ఆర్పెయ్యమనడం తేలిక. ఇక్కడ ఆరింది మంచి దీపం, గురువనే దీపం. అయినా అది ఆరితే తప్ప శిష్యుడిది వెలగలేదు. “అచట” మాత్రం పాదం నింపడానికి వచ్చింది. ఇక “అబ్బె” అనాల్సిన చోట “అబ్బు” అని తద్ధర్మం (ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే క్రియారూపం) పడింది. ఆ ఇబ్బంది నా పాదం తెచ్చిపెట్టిందే కాబట్టి దానికి మార్కులు తగ్గించను.

పాత పంచాంగం:
అందరినీ ప్రశ్నలడిగి నేను ఊరుకుంటే బాగుండదు.

పుడమితల్లి చూలఁ బుట్టెను నరకుండు
జగము లేడ్వ వానిఁ జంపెఁ జక్రి
తల్లి కడుపుకోఁత తా నోర్చె, వంశంపు
దీప మారినపుడె తేజ మబ్బు

ప్రాసగీతి:
ఇందాక నరకుడు దీపమెలా అయ్యాడని నన్ను నిలదీసింది మీరేనా సార్!

పాత పంచాంగం:
నేనేనమ్మా. నీ సమాధానం చదివాకే ఇది తట్టింది. ఎంత రాక్షసుడైనా కన్నతల్లికి వాడు ఇంటిదీపమే కదా.

గోగుపూలు:
చంపింది సత్యభామ కదండీ? ఆవిడ భూదేవి అంశ. తల్లి చేతిలో తప్ప చావు లేదని వరం అంటారు. “చక్రి” అంటే కథ మారిపోదూ?

పృచ్ఛకుడు:
లోకంలో ఆ కథ గట్టిగా ఉంది, కాదనను. పోతనగారి భాగవతంలో సత్యభామ విల్లందుకుని యుద్ధం చేస్తుంది, నరకుడి సేనను చెల్లాచెదురు చేస్తుంది. తల నరికింది మాత్రం కృష్ణుడి చక్రమే. అందువల్ల “చక్రి” సరైన మాటే. నన్ను ఆపింది మూడో పాదం. తర్వాత ఘట్టం గుర్తు తెచ్చుకోండి. కొడుకు శవం ఇంకా నేలమీదే ఉంది. భూదేవి స్వయంగా వచ్చి, కొడుకు దోచుకొచ్చిన అదితి కుండలాలూ, వరుణుడి గొడుగూ కృష్ణుడికి తిరిగి అప్పగిస్తుంది. ఏడుస్తూ నిందించదు, స్తుతిస్తుంది. నావి కానివి ఇంట్లో పెట్టుకోను అన్నట్టు ఇచ్చేస్తుంది. పదహారు వేల మంది కన్యలు చెర వీడేది ఆ తర్వాతే. నరకవధలో నన్ను ఎప్పుడూ పట్టుకునేది చక్రం కాదు, ఆ కుండలాలు పట్టుకున్న తల్లి చెయ్యి.

అదలా ఉంచితే, సార్, వంశదీపం ఆరిందన్నారు. మరి భగదత్తుడు?

పాత పంచాంగం:
అయ్యో! నరకుడి కొడుకు. భూదేవి కృష్ణుడి పాదాల దగ్గర పెట్టి అభయం అడిగింది ఆ మనవడికే.

నాలుగోపాదం:
కృష్ణుడు అభయమిచ్చాడు కూడా. కురుక్షేత్రంలో సుప్రతీకమనే ఏనుగు మీద అర్జునుడికి ఎదురు నిలిచింది ఆయనే. వంశం ఆరలేదు సార్.

పాత పంచాంగం:
అయితే ఇలా:

తల్లి కడుపుకోఁత తా నోర్చెఁ; దన యింటి
దీప మారినపుడె తేజ మబ్బు

పృచ్ఛకుడు:
“తన యింటి” సలమనే ఇంద్రగణం, కొలత సరిపోయింది. “వంశంపు”లో ఉన్న పుస్తకాల వాసన కూడా పోయింది. పరాయి నరకుణ్ణి చంపమని ఎవరైనా అడుగుతారు. ఆరాల్సింది తన ఇంటి దీపమైనప్పుడు అడ్డుపడకుండా నిలబడటం ఎంత కష్టమో ఈ పద్యం చెబుతోంది. ఈ వారం మొదటి స్థానం దీనికే. నాలుగోపాదం గారి పూరణ వెంట్రుకవాసిలో రెండోది. ఆ “అచట” తీసేసి ఇంకో మాట పెడితే నా నిర్ణయం మార్చుకోవాల్సి వచ్చేది.

నాలుగోపాదం:
మాట వెతికేలోపు గడువు అయిపోయిందిగా మాస్టారూ! ఒప్పుకుంటున్నాను.

పృచ్ఛకుడు:
నాలుగు రోజుల్లో నాగుల చవితి. వచ్చే వారానికి తేటగీతి పాదం:

పాలు త్రావని పుట్టకుఁ బాలు పోసె

కొత్తచిగురు, ఈసారి గణాలు వేళ్ల మీద లెక్కపెట్టుకుని పంపు.