సదాపాకు కోస్తే చేతులు బొబ్బలెక్కాయి, ఎవరికైనా ఇలా అయ్యిందా?

కుండీలరాణి
ఇటలీ దక్షిణాన చెడు చూపు తగలకుండా సదాప రెమ్మ ఆకారంలో వెండి తాయెత్తు కట్టేవారు. చిమరూత అంటారు, రెమ్మల చివర చంద్రవంక, తాళంచెవి లాంటివి వేలాడుతుంటాయి. అది చూసి మోజుపడి అసలు మొక్కే పెంచా. ఆదివారం మిట్టమధ్యాహ్నం పొట్టిచేతుల చొక్కాతో కొమ్మలు కత్తిరించాను. ఆ పూట ఏమీ లేదు. మర్నాటికి మోచేతి కింద ఎర్రటి చారలు, మూడో రోజుకి నీటి బొబ్బలు. మొక్కకి కోపమొచ్చిందంటాడు మా అన్నయ్య.

వేరుపురుగు
కోపం కాదండీ, ఎండ. సదాప రసంలో ఫ్యూరోకౌమరిన్లు అనే రసాయనాలు ఉంటాయి. రసం అంటిన చోట ఎండ తగిలితే చర్మం కాలుతుంది, అదీ ఒకటి రెండు రోజులు ఆగి. బొబ్బలు చిదమకండి, పెరిగితే డాక్టరుకి చూపించండి. నా మచ్చ పోవడానికి ఐదు నెలలు పట్టింది. ఇకనుంచి తొడుగులు వేసుకుని పొద్దువాలాక కోయండి. గర్భిణులు మాత్రం దీన్ని లోపలికి అస్సలు తీసుకోకూడదు.

పాతజాడీ
తాయెత్తంటే గుర్తొచ్చింది, నాకు మొక్కలకన్నా ఇలాంటి పాత వస్తువుల పిచ్చి ఎక్కువ. 2004లో లండన్ గ్రీనిచ్‌లో 17వ శతాబ్దపు మట్టిజాడీ ఒకటి బయటపడింది. బిరడా బిగించే ఉంది, కదిపితే లోపల నీళ్ల చప్పుడు. తీరా చూస్తే మూత్రం, వంచిన మేకులు, వెంట్రుకలు, గోళ్ల ముక్కలు, గంధకం, మేకు గుచ్చిన గుండె ఆకారపు తోలుముక్క! చేతబడి తగిలిందనుకున్న మనిషి మూత్రం అలా పాతిపెడితే, చేసినవాళ్లకే మూత్రం బిగుసుకుంటుందని నమ్మకం. పరీక్షిస్తే అందులో నికోటిన్ ఆనవాళ్లు కూడా దొరికాయి. అంటే ఆ మూత్రం ఎవరిదో, వాళ్లకి పొగాకు అలవాటుందన్నమాట. మంత్రం సంగతేమో గానీ ఈ పొగాకు విషయం దగ్గర నాకు ఒళ్లు జలదరించింది.

సందేహాలరావు
ఇదంతా ఉత్తదేగా? అన్నట్టు నేనూ ఆన్‌లైన్‌లో మాండ్రేక్ అనే మొక్క వేరు కొన్నా. మనిషి బొమ్మలాగే ఉంది. కాస్త నానబెట్టి తాగితే నిద్ర పడుతుందట, నిజమేనా?

వేరుపురుగు
తాగొద్దు! అసలుదైతే అందులో అట్రోపిన్, స్కోపొలమైన్ అనే విషాలు ఉంటాయి; నోరెండిపోయి, గుండె దడదడలాడి, లేనివి కనబడతాయి. నకిలీదైతే ఇంకేముందో ఎవరికెరుక. బ్రయోనీ అనే వేరే మొక్క వేరుని మనిషిలా చెక్కి మాండ్రేక్ అని అంటగట్టడం వందల ఏళ్లనాటి మోసం. బ్రయోనీ కూడా విషమే.
ఉత్తదేగా అన్నారు కాబట్టి: ఓ ముసలమ్మ ఇరవైకి పైగా మూలికలతో ఒళ్లువాపుకి మందిచ్చేది. 1775లో ఆ మందు విలియం విదరింగ్ అనే వైద్యుడి దృష్టికొచ్చింది. వాటిలో పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఒక్కటే అని పట్టుకున్నాడు. తర్వాత పదేళ్లు రోగుల మీద మోతాదు గమనించి 1785లో పుస్తకం రాశాడు. మోతాదు కాస్త దాటితే గుండె ఆగే మొక్క అది.

సందేహాలరావు
సరే, బీరువా మీద బొమ్మలా పెట్టుకుంటా.

పాతజాడీ
పిల్లలకి అందకుండా పెట్టండి.

కుండీలరాణి
డాక్టరూ ఎండ సంగతే చెప్పారు. కుండీని నడిచే దారిలోంచి జరిపేశా. అన్నయ్య ఇంకా దానికి దూరంగానే తిరుగుతున్నాడు.